ఆ ఇంటితో మాట బంద్

వాకిట్లో సాంపి చల్లి, ముగ్గు వేసి, తలస్నానం చేసి వచ్చేసరికి వెంకటవ్వకు తెల్లగా తెల్లవారిపోయింది. గూట్లో దేవుని ముందు దీపం ముట్టిద్దామని అగ్గిపెట్టె తీస్తే రెండే పుల్లలు మిగిలాయి. కిరాణా దుకాణం ఎదురుగానే ఉంది. కానీ ఆ దుకాణంలో ఈ ఇంటికి అగ్గిపెట్టె అమ్మరు, ఉప్పు కూడా అమ్మరు. నాలుగు నెలలుగా ఏ చిన్న వస్తువు కావాలన్నా కొడుకు బోధన్ నుంచి తేవలసిందే.

"అవ్వా, కర్పూరం ఉన్నదా, అయిపోయిందా?" కాలేజీకి బయలుదేరుతూ మధుకర్ అడిగాడు.

"ఉన్నది బిడ్డా. అగ్గిపెట్టె తే. రేపు శుక్రవారం, ఇన్ని పూలు గూడ తే."

"ఏం పూలు?"

"ఏవైతేంది, నువ్వు మొక్కేది లేకపాయె."

"మొక్కుడు నీది, మోసుడు నాది" అని నవ్వుతూ అతను చెప్పులు వేసుకున్నాడు.

మధుకర్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాడు. చదువుకునే రోజుల నుంచీ అతనికి దేవుడి మీద నమ్మకం లేదు. ఆ సంగతి మీద ఎవరితోనూ వాదం పెట్టుకున్నదీ లేదు, తల్లిని గుడికి పోవద్దన్నదీ లేదు. తల్లికి చత్వారం వచ్చాక ఆ గూటికి సున్నం వేసి, పైన చిన్న బల్బు బిగించింది అతనే. ఏటా ఊరపండుగకు ఇంటి తరఫున వెంకటవ్వే బోనం ఎత్తేది. ఊరికి అదే చాలేది.

పోయిన చలికాలం ఇంటింటి సర్వేకు వచ్చిన పిల్ల మతం ఏమిటని అడిగింది. "నాకు లేదమ్మా, లేదనే రాసుకో" అన్నాడు మధుకర్. లోపలి నుంచి వెంకటవ్వ పిండి చేతులతోనే ఉరికి వచ్చింది. "నాకున్నది బిడ్డా! నాది సక్కగ రాయి" అంది. ఆ పిల్ల నవ్వి ఇద్దరివీ వేరువేరుగా రాసుకుపోయింది.

ఆ మాట పొద్దుగూకేలోపు ఊరంతా తిరిగింది. ఆషాఢంలో ఊరపండుగ దగ్గర పడగానే గ్రామాభివృద్ధి కమిటీ కూర్చుని తీర్మానం చేసింది. ఈసారి ముసలామె ఎత్తితే చెల్లదు, మధుకరే తడిబట్టలతో బోనం ఎత్తి అమ్మవారి ముందు తప్పు ఒప్పుకోవాలి. అతను పోలేదు. మర్నాడు డప్పు కొట్టి చాటింపు వేశారు: ఆ ఇంటితో మాట బంద్, మాట్లాడినవాళ్లకు జుర్మానా.

అప్పటి నుంచి వాళ్లను ఆటోవాడు ఎక్కించుకోడు. కోడలు సవిత చుట్టే బీడీలకు కార్ఖానాలో ఆకు ఇవ్వరు. కోతమిషను పక్కింటివాళ్ల పొలం కోసి, వీళ్ల గట్టు దాటకుండా వెనక్కి మళ్లింది. మధుకర్, సవిత కలిసి కొడవళ్లతో ఎకరన్నర వరి కోసుకున్నారు.

వెంకటవ్వ ఇవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే, గోడ అవతలి ఇల్లు.

అది తారాబాయిది. ఇద్దరూ ఒకే ఏడు కాపురానికి వచ్చారు. నలభై ఏళ్లు ఒకే అరుగు మీద, ఒడిలో చాటలు పెట్టుకుని, పక్కపక్కన కూర్చుని బీడీలు చుట్టారు. తారాబాయి కొడుకు రవీందర్ ఇప్పుడు కమిటీ మెంబరు. చాటింపు వేసిన రోజు తారాబాయి గోడ దగ్గరకు వచ్చి నోరు తెరిచింది, కొడుకు ముఖం చూసి మూసుకుంది. మర్నాడు పొద్దున్నే తన మేకను తెచ్చి గోడ వారకు కట్టేసి, దానితో మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఏమే మేకా, గోడవతల ఓ ముసల్ది రాత్రంత దగ్గింది. మిరియాల కషాయం తాగుమని ఎవలన్న చెప్పుండ్రి దానికి."

గోడ ఇవతల వెంకటవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

"మేకా, ఇయ్యాల మా కోడలు చేపల పులుసు వెట్టింది. ఉప్పు కసం, నోట్లె వెట్టరాదు. గోడవతల ఉన్నామె వండితే గదీ పులుసంటే."

కమిటీవాళ్లు మేక మీద తీర్మానం చేయలేకపోయారు. అట్లా నాలుగు నెలలు గడిచాయి.

తొమ్మిది రోజుల నుంచి ఆ గొంతు వినపడటం లేదు. కడుపులో గడ్డ అని తారాబాయిని నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. నిన్న తిరిగి తెచ్చారు. పెద్దడాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడట. ఈ కబురు కూడా సవితకు బోధన్ బస్టాండులో ఎవరో పరాయి ఊరామె చెప్తే తెలిసింది.

"అత్తా, చాయ్ సల్లారిపోతున్నది" అంది సవిత.

"గోడవతల దగ్గు ఇనొస్తున్నదానే?"

"ఇనొస్తలేదు. తాగు అత్తా."

పది అడుగులు వేస్తే చేరే మంచం. ఆ పది అడుగులు వెంకటవ్వకు గోదావరి అవతలి ఒడ్డులా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం సవిత పొలానికి పోయిన సమయం చూసి రవీందర్ గోడ దగ్గరకు వచ్చాడు. నాలుగు వైపులా చూసి, గొంతు తగ్గించి పిలిచాడు.

"పెద్దమ్మా."

వెంకటవ్వ లేచి నిలబడింది. "తారి ఎట్లున్నదిరా?"

"ఏముంది. నీళ్లు తాగుతున్నది, గంతే. నిన్నే కలవరిస్తున్నది." అతను తలదించుకున్నాడు. "రేపు బోధన్‌ల విచారణ ఉన్నది గదా. మధన్న ఇచ్చిన కంప్లైంటు మీద మేడమ్ నిన్ను గూడ అడుగుతదంట."

"అడుగుతే?"

"బంద్ గింద్ ఏం లేదు, అందరు మంచిగనే మాట్లాడుతున్నరు అని చెప్పు. నువ్వు గట్ల చెప్తే, రేపే నిన్ను మా ఇంట్లకు రానిస్తమని కమిటీల ఒప్పుకున్నరు."

"మరి మధు రాసిచ్చిందంత అబద్ధమైతది గదరా?"

"కాయితమే గదా పెద్దమ్మా. అవ్వ ఇంకెన్ని దినాలుంటదో నాకెర్క లేదు" అన్నాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. అది బెదిరింపో, బతిమాలుకోవడమో వెంకటవ్వకు అర్థం కాలేదు. అతనికీ తెలిసినట్టు లేదు.

మర్నాడు బోధన్ ఆర్డీవో ఆఫీసులో కమిటీవాళ్లు నలుగురూ ఒక బల్ల మీద, మధుకర్ ఒక్కడూ ఎదురు కుర్చీలో కూర్చున్నారు. విచారణ చేసే అధికారి చిన్న వయసు మనిషి. వెంకటవ్వను చూడగానే లేచి, తన పక్కన కుర్చీ వేయించి, మంచినీళ్లు తెప్పించింది.

"పెద్దమ్మా, భయపడకు. నీకు దేవుణ్ణి మొక్కే హక్కు ఎంత ఉందో, నీ కొడుకుకు మొక్కకుండా ఉండే హక్కూ అంతే ఉంది. రెండూ రాజ్యాంగం ఇచ్చినవే. దాని కోసం మీతో ఎవరూ మాట్లాడొద్దని కట్టడి చేస్తే అది నేరం. వీళ్లు కట్టడి చేయలేదంటున్నారు. ఊళ్లో సాక్ష్యం చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. నువ్వు చెప్పు, కట్టడి ఉందా?"

వెంకటవ్వ కొడుకు వైపు చూడలేదు. రవీందర్ చేతులవైపు చూసింది. ఆ వేళ్లు అచ్చం తారాబాయి వేళ్లే.

"లేదు బిడ్డా" అంది. "గట్లేం లేదు. అందరు మాట్లాడుతనే ఉన్నరు."

"మళ్లీ ఒకసారి ఆలోచించుకుని చెప్పు" అంది అధికారి. వెంకటవ్వ తల అడ్డంగా ఊపింది. రాసిన కాగితం ముందు పెట్టారు. ఆమెకు చదవడం రాదు, సంతకం మాత్రం వచ్చు. మధుకర్ ఆరో తరగతిలో ఉండగా, బీడీ కార్డు మీద అవ్వ వేలిముద్ర వేస్తుంటే చూడలేక, వారం రోజులు ఆమె చేయి పట్టుకుని నేర్పించాడు. ఆ సంతకమే కాగితం మీద పెట్టింది.

బయటకు వచ్చాక మధుకర్ తిడతాడనుకుంది. అతను బస్టాండులో చాయ్ ఇప్పించాడు. బస్సులో ఎండ పడని వైపు చూసి ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. మూతపడ్డ షుగర్ ఫ్యాక్టరీ పొగగొట్టం కిటికీలో కాసేపు కనిపించి వెనక్కి పోయింది. తిట్టినా బాగుండేదని వెంకటవ్వకు ఊరు వచ్చేదాకా అనిపిస్తూనే ఉంది.

తిట్టింది సవిత.

"ఏం జేసినవత్తా? అందరి ముంగట నీ కొడుకును అబద్ధాలోన్ని జేసినవు! నాలుగు నెలల సంది సేతులు బొబ్బలెక్కంగ వరి కోసినం. అదంత ఉత్తదేనా? రేపు ఉల్టా ఈయన మీదనే కేసు వెడ్తరు, తెల్సా?"

"ఊకో సవితా" అన్నాడు మధుకర్.

"నేనెందుకు ఊకుంట? మీరు ఊకుంటేనే గిట్లయింది."

వెంకటవ్వకూ గొంతు లేచింది. "మరి నేనేం జెయ్యాలె? నాకున్నది ఒక్కటే సోపతి. అది గోడవతల పాణం ఇడుస్తున్నది. నేను ఈడ కూసోని ఇనాల్నా? ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి బోనం నెత్తిన వెట్టుకుంటే నీ సొమ్మేం పోతుండెరా? నువ్వు నమ్మకపోతివి, నమ్మనోనికి కుండ కుండే గదా! ఏదో బరువు మోసినననుకోరాదా?"

మధుకర్ ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"వట్టి కుండైతే మోద్దునే అవ్వా. నీకోసం బండైనా మోస్త. తప్పయిందని అనమంటున్నరు. నేనే తప్పు జెయ్యలే. అడిగిండ్రు, ఉన్నది చెప్పిన." అతను గూటివైపు చేయి చూపాడు. "నీ దీపం నేనెన్నడన్న ఆర్పిన్నా? నీకు నమ్మకం లేదని నీతోని ఎవలన్న బలిమిన చెప్పిస్తే, నేను ఊకుంటుంటినా? నువ్వు నాకోసం గట్ల నిలబడకున్నా మంచిదే. కాని నా మాట అబద్ధమని సంతకం వెట్టినవు గదనే."

అతను లేచి పెరట్లోకి పోయాడు. చీకటి పడకముందే తిరిగి వచ్చి, సంచిలోంచి అగ్గిపెట్టెలు, పూలు తీసి గూట్లో పెట్టాడు. "పొద్దుగూకుతున్నది. పోయిరా, తార చిన్నమ్మ ఎదురుజూస్తుంటది" అన్నాడు.

అంతకన్నా పెద్ద శిక్ష వెంకటవ్వ ఎరగదు.

తారాబాయి మంచంలో ఒక దుప్పటి మడతలా ఉంది. వెంకటవ్వను చూడగానే ఆ ముఖంలో వెలుగు వచ్చింది. చేయి పట్టుకుంది. చాలాసేపు ఇద్దరూ ఏడ్చారు. ఎవరికి వారే ఇంకొకరిని ఊరుకోమన్నారు.

"ఎంత సిక్కినవే ఎంకవ్వా. నీ కోడలు తిండి వెడ్తలేదా?"

"నీకంటె నయమే లే."

తారాబాయి నవ్వబోయి ఆయాసపడింది. గుమ్మంలో నిలబడ్డ కొడుకును ఒకసారి చూసి అడిగింది. "మరి నిన్నెట్ల రానిచ్చిండ్రు? బంద్ తీసిండ్రా?"

వెంకటవ్వ దాచలేకపోయింది. ఆఫీసు సంగతంతా చెప్పింది. వింటున్నకొద్దీ తారాబాయి చేతి పట్టు వదులైంది.

"అబద్ధమాడి వచ్చినవా నా కాడికి?"

"నీకోసమేనే తారీ."

"నాకోసమంటే గోడ దునికి రావాలె. దొంగలెక్క రావాలె. నేను మురుద్దు గదనే! గీ సంతకం వెట్టి వచ్చుడేంది?" ఆయాసం ఆమెను ఆపింది. వెంకటవ్వ నీళ్లు తాగించింది. రెండు గుక్కలు మింగి, మెల్లగా అంది. "నా పింఛను ఆగితే ఆర్నెల్లు బోధన్ సుట్టు తిరిగింది ఎవలే? నీ కొడుకు. మొక్కినవా, మొక్కలేదా అని నేను అడిగిన్నా వాన్ని? ఇప్పుడు వాని మొకం నేనెట్ల సూడాలె?"

"సరిజేస్తే నన్ను మల్ల నీ కాడికి రానియ్యరే."

"రాకు. గోడవతల ఉంటవు గదా. నువ్వు మాట్లాడు, నాకు ఇనొస్తది. పో."

వెంకటవ్వ కదల్లేదు. "జరసేపు కూసుంటనే."

"కూసో" అంది తారాబాయి కళ్లు మూసుకుని. "గని పొద్దుగాల బోధన్ పో."

గుమ్మంలో రవీందర్ అటు తిరిగి నిలబడ్డాడు.

పొద్దున మధుకర్ లేచేసరికి వెంకటవ్వ ఉతికిన చీర కట్టుకుని వాకిట్లో సిద్ధంగా కూర్చుని ఉంది. "నన్ను బోధన్ తీస్కపో బిడ్డా" అంది.

"ఎందుకవ్వా?"

"నిన్న నేను చెప్పింది తప్పు. మేడమ్‌కు చెప్పాలె."

అతను ఆమెను చూశాడు. "చెప్తే మల్ల తార చిన్నమ్మ కాడికి..."

"ఎర్కే. అదే పొమ్మన్నది."

ఆఫీసులో ఆమె అంతా చెప్పింది. డప్పు చాటింపు, అగ్గిపెట్టె, కోతమిషను, మేక, అన్నీ. నిన్న ఎందుకు అబద్ధం చెప్పిందో కూడా చెప్పింది. అధికారి రాసుకుంటూ రాసుకుంటూ మేక దగ్గర పెన్ను ఆపి, కాసేపు కిటికీ వైపు చూసింది. "నీ మీద ఏమీ రాదు పెద్దమ్మా. ఇప్పుడు చెప్పిందే రాసుకుంటున్నా" అంది. వెంకటవ్వ మళ్లీ సంతకం పెట్టింది. ఒక అక్షరం వంకర పోతే మధుకర్ మెల్లగా కాగితం జరగకుండా పట్టుకున్నాడు.

ఊరికి తిరిగి వచ్చేసరికి కబురు ముందే చేరింది. తారాబాయి ఇంటి తలుపు వేసి ఉంది. కానీ గోడ దగ్గరకు పోయి చూస్తే, ఇంటి వెనకాల, గోడకు ఆనించి తడకలతో పందిరి వేసి ఉంది. పందిరి కింద తారాబాయి మంచం. ఎవరు వేశారో ఎవరూ చెప్పలేదు. రవీందర్ చేతులకు మట్టి ఉంది.

నాలుగు రోజులు వెంకటవ్వ గోడకు వీపు ఆనించి కూర్చుని మాట్లాడింది. కాపురానికి వచ్చిన ఏడు కురిసిన రాళ్లవాన గురించి, కార్ఖానాలో కట్టలు తీసిపారేసే మేస్త్రి గురించి, ఇద్దరూ ఇళ్లలో చెప్పకుండా లింబాద్రి గుట్ట జాతరకు పోయి దారి తప్పిన సంగతి గురించి. అవతల నుంచి మొదటి రెండు రోజులు "ఊఁ" అని వచ్చేది. తర్వాత గోడ మీద వేలితో కొట్టిన చప్పుడు వచ్చేది. నాలుగో రోజు సాయంత్రం ఆ చప్పుడూ రాలేదు. అయినా వెంకటవ్వ చెప్తూనే కూర్చుంది. సవిత వచ్చి ఆమె భుజాల మీద శాలువా కప్పి పక్కన కూర్చుంది.

ఐదో రోజు తెల్లవారి ఏడుపు వినిపించింది.

గోడ అవతల వాకిలి నిండా జనం. ఒక్కరూ ఇటు చూడలేదు. సవిత కొంగు బిగించింది. "పా అత్తా, పోదాం. ఎవలేమంటరో అననీ."

"వద్దు బిడ్డా. పీనుగు ముంగట పంచాది వద్దు. బతికినన్నాళ్లు అదెప్పుడు కొట్లాట సూసింది గాదు."

ముగ్గురూ తమ వాకిలి దాటకుండా గడప ముందు నిలబడ్డారు. మధుకర్ చెప్పులు విడిచాడు. డప్పులు మోగాయి. పాడె లేచింది. ముందు అగ్గికుండతో రవీందర్, వెనక నలుగురు మోసేవాళ్లు, ఆ వెనక ఊరు. వీళ్ల ఇంటి ముందుకు రాగానే రవీందర్ ఆగిపోయాడు.

"ఈడ దింపుండ్రి" అన్నాడు.

పాడె ముందు కర్ర పట్టుకున్న పోశన్న కమిటీలో పెద్ద మనిషి. "ఈడేందిరా? దింపుడు కల్లం వాగు కాడ గదా" అన్నాడు.

సగం దారిలో పాడె దించి, చనిపోయిన మనిషి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే పలుకుతుందని ఒక ఆశ. ఆ దించే చోటే దింపుడు కల్లం.

"వాగు కాడ ఎవలు పిలుస్తరు కాకా?" అన్నాడు రవీందర్. "మేమందరం అవ్వా అనో, అత్తా అనో పిలిచేటోళ్లమే. మా అవ్వను పేరు వెట్టి పిలిచేటామె ఊర్ల ఇగ ఒక్కతే ఉన్నది."

"రవీ, కమిటీ మాట..."

"జుర్మానా నాకెయ్యుండ్రి. దింపుండ్రి."

పాడె నేలకు దిగింది. డప్పులు ఆగాయి. రవీందర్ తిరిగి, అంతమంది వింటుండగా, ఆ ఇంటివైపు చూసి పిలిచాడు. "పెద్దమ్మా, దా. పిలువే."

మధుకర్ వెంకటవ్వ రెక్క పట్టుకుని తీసుకువచ్చి, మట్టిలో మెల్లగా కూర్చోబెట్టాడు. చనిపోయినవాళ్లు వింటారని అతను నమ్మడు. అయినా వంగి, తారాబాయి చెవి మీద పడ్డ పూలను వేలితో పక్కకు జరిపాడు.

"తారీ" అని పిలిచింది వెంకటవ్వ.

ఎక్కడో ఒక పిల్ల ఏడిస్తే తల్లి నోరు మూసింది.

"తారీ, లేవే."

మూడోసారి గొంతు రాలేదు. నుదురు తారాబాయి చెంపకు ఆనించి, ఎవరికీ వినపడకుండా పెదవులు కదిలించింది. కాసేపు అట్లాగే ఉండి, తలెత్తి జనాన్ని చూసింది.

"పలుకుతలేదు" అంది, వాళ్లనే ఏదో అడుగుతున్నట్టు. "ఇగ తీస్కపోండ్రి."

ఎవరూ కదల్లేదు. పోశన్న గొంతు సవరించుకున్నాడు. తల కిందికి వేసుకునే, "సరే అవ్వా" అన్నాడు.

"సరే పెద్దమ్మా" అని వెనక నుంచి ఇంకొక గొంతు. "లే అవ్వా, మెల్లగ" అంటూ దుకాణంవాడి భార్య వచ్చి ఆమె చేయి పట్టుకుంది. "మాతోని రా అవ్వా" అంది ఇంకొకామె. "సూసి నడువు అవ్వా, రాళ్లున్నయి."

ఒకరి వెనక ఒకరు, అందరూ పలికారు. ఆమె పిలిచిన ఒక్కతే పలకలేదు.